ఆశపెట్టుటయా, ప్రోత్సహించుటయా?

మొన్నటి పర్యూషణ పర్వములలో ఒకనాటి ఉదయము చిక్కసూగూరునుండి రాయచూరు పట్టణమునకు వ్యాఖ్యానము వినుటకై ఇంటిల్లిపాదిమి బయలుదేరితిమి. ఎనిమిదేండ్ల నా మనుమడు బండిలో కూర్చుండి, "తాతా, ఈరోజు ప్రభావనలో ఏం పంచుతారు?" అని అడిగెను. ముందటి రోజు లడ్డు పంచిరి. అంతకు ముందు రోజు స్టీలు గిన్నె పంచిరి. వాని తల్లి సిగ్గుపడి, "అట్లా అడగకూడదు, మనం ధర్మం వినడానికి పోతున్నాం" అని మందలించెను. వాడు ఊరకుండక, "వినడానికే అయితే మరి గిన్నె ఎందుకిస్తారు?" అనెను. పెద్దలమందరమును నవ్వితిమి గాని, జవాబు మాత్రము ఎవ్వరమును చెప్పలేదు.

ఆ చిన్నవాని ప్రశ్న నన్ను విడువలేదు. ఈ వ్యాసము దానికి నేను వెదకుకొన్న జవాబు. వర్తక కుటుంబములవారము గనుక ఈ ప్రశ్న మనకు గుడిలోనే గాక అంగడిలోను ప్రతిదినము ఎదురగుచున్నది. అందుచేత సోదర సోదరీమణులతో కలిసి ఆలోచింపదలచితిని.

మా చిక్కసూగూరు రాయచూరునుండి కృష్ణ దిక్కుగా హైదరాబాదు పోవు బాటలో నున్నది. ఈ సీమ 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రమున చేరువరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. కావున ఇంట తెలుగు, బజారున కన్నడము మాటాడు కుటుంబములు ఇక్కడ నేటికిని కలవు. ఊరిప్రక్క పారిశ్రామిక ప్రాంతము, దానికావల 1985లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన శక్తినగరు కేంద్రము, చుట్టును పత్తి చేలు, వరి మళ్ళు. ఇట్టి చోట 'ఇన్సెంటివు' అను మాట వినబడని దినము లేదు. మిల్లులో లెక్కకు మించి పనిచేసిన వానికి ఇన్సెంటివు. విత్తనములు, పురుగుమందులు ఎక్కువగా అమ్మిన దుకాణదారునికి కంపెనీవారి ఇన్సెంటివు: ఒకయేడు బంగారు నాణెము, మరొకయేడు విదేశయాత్ర. బడికి పోయిన పిల్లవానికి, టీకా వేయించిన తల్లికి, ఆసుపత్రిలో ప్రసవించిన స్త్రీకి సర్కారువారి ప్రోత్సాహకములు.

ఈ నామవాచకమునుండి ఆంగ్లేయ భాషలో ఒక క్రియయు పుట్టినది: ఇన్సెంటివైజు చేయుట. 1960ల చివరినుండియే అది అచ్చులో కనబడుచున్నది గనుక, వయస్సున మనలో పలువురికంటె చిన్నది. మూలపదము మాత్రము ప్రాచీనమైన లాటిను. పాట ఎత్తుకొనుట, శ్రుతి పట్టి ఇచ్చుట అని దాని తొలి అర్థము. భజనలో ఒకరు పల్లవి ఎత్తుకొనగా పదిమంది అందుకొన్నట్లు, ఒకరు రాగము తీయగా ఇతరులు దాని వెంట పోవుట. రాగము తీసినవాడు తప్పు తీసినచో పాడినవారందరును తప్పే పాడుదురు. ఈ మూలార్థమును మనస్సున ఉంచుకొందము, ముందు పనికివచ్చును.

తెలుగున ఈ క్రియకు ఒక్క మాట లేదు, చాలా కలవు. తల్లి బిడ్డకు తాయిలము పెట్టును. వేటగాడు ఎర వేయును. మోసగాడు ఆశ చూపును. కన్నడమువారును 'ఆసె తోరిసు' అనియే అందురు. పెద్దలు ప్రోత్సహింతురు. దొర ఈనాము నిచ్చును. సభలో బహుమాన మిత్తురు. కచేరీలో బల్లక్రింద ఇచ్చిన దానికి వేరే పేరు కలదు, అది అందరికిని తెలిసినదే. ఇచ్చు వస్తువు ఒకటే కావచ్చును. నూరు రూపాయల నోటు తాయిలమును కాగలదు, ఎరయు కాగలదు, బహుమానమును కాగలదు. మన పెద్దలు దేనిని ఇచ్చిరని చూడక, ఇచ్చినవాని మనస్సును, పుచ్చుకొన్నవానికి కలుగు ఫలమును చూచి వేరువేరు పేర్లు పెట్టిరి. నేటి క్రొత్త క్రియ ఈ భేదములన్నిటిని ఒక్క సంచిలో పోసి మూతి కట్టినది. చిక్కంతయు అచ్చటనే మొదలగుచున్నది.

'బహుమానము' అను మాటను కొంచెము ఆగి చూడుడు. బహు మానము, అనగా గొప్ప గౌరవము. మన శాస్త్రములలో జ్ఞానాచారము ఎనిమిది విధములని చెప్పిన చోట కాలము, వినయముల తరువాత బహుమానము నెన్నిరి. అక్కడ దాని అర్థము జ్ఞానముపైనను గురువుపైనను హృదయమున నుండు ఆదరము. ఆ ఆదరమును పైకి తెలుపుటకు ఇచ్చిన వస్తువునకు ఆ పేరు తరువాత అంటుకొన్నది. కావున గౌరవము లేక వస్తువు మాత్రమే ఇచ్చినచో, అది ఎంత విలువగలదైనను బహుమానము కాదు, కూలి యగును. కూలి యిచ్చుట తప్పు కాదు. కూలి నిచ్చి బహుమానమని చెప్పుట, ఎర వేసి ప్రోత్సాహమని చెప్పుట, ఇవి తప్పులు.

ఇక అసలు ప్రశ్న. ఒకరికి ప్రతిఫలము చూపి ఒక పని చేయించినప్పుడు ఆ పని ఎవరిది? తెలుగు వ్యాకరణము చక్కని దారి చూపుచున్నది. 'చేయు' అనునది ఒక క్రియ. దానికి 'ఇంచు' చేర్చినచో 'చేయించు' అగును. చేయువాడు ఒకడు, చేయించువాడు మరొకడు, ఇద్దరును కర్తలే. మన ధర్మము ఇంకొక అడుగు ముందుకు వేసినది. కృతము, కారితము, అనుమోదితము, అనగా తాను చేయుట, ఇతరులచే చేయించుట, ఇతరులు చేసినదానికి సంతోషించుట. ఈ మూడు దారులను కర్మ లోనికి వచ్చును. తత్త్వార్థసూత్రము ఆరవ అధ్యాయమున ఈ లెక్క వివరముగా నున్నది: సంరంభ, సమారంభ, ఆరంభములు మూడు, మనోవాక్కాయములు మూడు, కృత, కారిత, అనుమతములు మూడు, క్రోధ, మాన, మాయా, లోభములు నాలుగు. గుణించినచో 108. పద్దు వ్రాయువారికి ఇది నచ్చవలసిన లెక్క. ఇందులో 36 పద్దులు మనము స్వయముగా చేసినవి. మిగిలిన 72 ఇతరుల చేతులమీదుగా మన ఖాతాలో పడునవి.

అదియే గ్రంథము గృహస్థుని అచౌర్య వ్రతమునకు అయిదు అతిచారములు చెప్పినది. దొంగసొత్తు కొనుట, రాజశాసనము నుల్లంఘించుట, తప్పుడు కొలతలు తూనికలు, కల్తీ సరకు, ఇవి నాలుగు. వీటికన్నిటికి ముందు చెప్పినది స్తేనప్రయోగము: తాను దొంగిలింపక, దొంగతనమునకు ఇంకొకరిని పురికొల్పుట. నా చిన్నతనమున పాఠశాలలో ఇది వల్లించునప్పుడు, వర్తకుని ఇంట దొంగలను పురికొల్పు వాడెవడుండునని నవ్వుకొనెడివాడను. నలువది యేండ్లు దాటిన తరువాత గాని దాని అర్థము నాకు తెలియలేదు. ఆ సంగతి దాచక చెప్పెదను.

సుమారు ఇరువది యేండ్లనాటి మాట. మాది పత్తి అడ్తి దుకాణము. రైతుల పత్తి బోరాలు మా కాటామీద తూగి గోదామునకు చేరును. మిల్లునకు పంపునప్పుడు మరల తూచినచో ఎప్పుడును కొంత తరుగు కనబడును. పత్తిలో తేమ ఆరును, కొంత దూది నేలపాలగును. ఆ తరుగు నాకు కంటిలో నలుసువలె నుండెడిది. ఒక దీపావళికి కాటా గుమాస్తాను పిలిచి ఇట్లంటిని: "ఈ సంవత్సరం తరుగు సగానికి తగ్గిస్తే ఒక నెల జీతం ఎక్కువిస్తాను. అసలు తరుగే లేకుండా చేస్తే రెండు నెలలది." అతడు కుటుంబీకుడు, నెమ్మదస్తుడు. తలయూపి వెళ్ళెను.

మొదటి యేడు తరుగు సగమైనది. గోదాము ఊడ్పించుట, బోరాలు కుట్టించుట మొదలగు జాగ్రత్తలు నా కంటితో చూచితిని. మాట ప్రకారము ఇచ్చితిని. రెండవ యేడు తరుగు సున్న. రెట్టింపు ఇచ్చి నలుగురిలో మెచ్చుకొంటిని. మూడవ యేడు గోదామునుండి వెళ్ళిన పత్తి, వచ్చిన పత్తికంటె ఎక్కువ తూగినది. పత్తి ఆరినచో తగ్గును గాని పెరుగదని మా వీధిలో చిన్నపిల్లలకును తెలుసు. నాకు తెలియదా? తెలియును. కాని ఆ సంఖ్యను పద్దులో చూచి సంతోషించితిని గాని, ఎట్లు వచ్చినదని అడుగలేదు.

నాలుగవ యేడు పంటకాలమున ఒక ముసలి రైతు ఎనిమిది బోరాలు తెచ్చెను. తూకమైన తరువాత తక్‌పట్టీ చేతబట్టుకొని నా గద్దె దగ్గరకు వచ్చి, ఊరిలో తూచుకొని వచ్చిన తూకమునకును దీనికిని తేడా యున్నదని మెల్లగా చెప్పెను. కోపపడలేదు. "మీ కాటా తప్పు చెప్పదనే ఇన్నాళ్ళూ మీ దగ్గరికి వస్తున్నం సేటూ" అని మాత్రము అనెను. నేను స్వయముగా తూయించితిని. ప్రతి బోరాలోను కొంత తక్కువ వ్రాసియున్నది.

రైతునకు సరిచేసి పంపితిని. గుమాస్తాను లోనికి పిలిచి, ఉద్యోగము మానిపింతునని కేకలు వేసితిని. అతడు తలవంచుకొనియే యుండి చివరకు ఒక్క మాట అనెను: "సేటూ, తూకం వేసింది నేను. వేయించింది మీరు."

నా నోట మాట రాలేదు. పాఠశాలలో వల్లించిన కృత కారితములు రెండును ఆ చదువురాని మాటలో నా ముందు నిలిచినవి. పద్దులో మిగులు చూచి సంతోషించిన ఆ మూడవ యేటి అనుమోదన మాత్రము అతడెరుగడు. అది నాకు మాత్రమే తెలియును. నేను దొంగిలింపుమని చెప్పలేదు. తరుగు తగ్గింపుమని చెప్పితిని. అయితే తగ్గించుటకు మంచి దారి యొకటి, చెడ్డ దారి యొకటి యుండగా, రెండింటికిని ఒకటే ధర కట్టితిని. మంచిదారి సగము దూరము పోయి ఆగినది. అక్కడినుండి రెండు నెలల జీతము చూపి నేనే అతనిని చెడ్డదారిన నడిపించితిని. నష్టపోయిన రైతు మా ఒడంబడికలో ఎక్కడను లేడు. స్తేనప్రయోగ మనగా ఏమో ఆనాడు తెలిసినది.

మా దుకాణమున జరిగినది పెద్ద పెద్ద సంస్థలలో పెద్ద యెత్తున జరిగినది. అమెరికాలో వెల్స్ ఫార్గో అను ప్రసిద్ధ బ్యాంకున, ఉద్యోగులు ఇన్ని ఖాతాలు తెరిపింపవలెనని లెక్క విధించి, దానికి ప్రతిఫలములు కట్టిరి. ఖాతాదారులకు తెలియకుండగనే వారి పేర సుమారు 20 లక్షల ఖాతాలు తెరువబడియుండునని 2016లో తేలినది. బ్యాంకుపై 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా పడినది. దాదాపు 5,300 మంది ఉద్యోగులు తొలగింపబడిరి. వారిలో ప్రతియొక్కరును మా గుమాస్తా చెప్పిన మాటయే చెప్పగలరు. అంత దూరము పోనక్కరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణ సంస్థల క్షేత్రోద్యోగులకు, ఎంత అప్పు నిచ్చిరి, ఎంత వసూలు చేసిరి అను లెక్కపై ప్రతిఫలములు ముట్టెడివి. ఒకే ఇల్లాలికి మూడు నాలుగు అప్పులు అంటగట్టుట, వాయిదా తప్పినచో వాకిట కూర్చుండుట వరకు వ్యవహారము వచ్చినది. ఆత్మహత్యల వార్తలు వెలువడినవి. 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. రాగము తీసినవారు పై అంతస్తులలో నుండిరి. పాడినవారు, ఏడ్చినవారు పల్లెలలో నుండిరి.

ఇంతవరకు చదివినవారు, అట్లయిన ప్రతిఫల మిచ్చుటయే పాపమా అని అడుగవచ్చును. కాదు. నేనట్లు చెప్పినచో అసత్య మగును. మంచి సాక్ష్యము రెండవ ప్రక్కను కలదు.

రాజస్థానమున ఉదయపురము జిల్లా మన సమాజమువారికి కొత్తది కాదు. అక్కడి పల్లెలలో సేవామందిర్ అను సంస్థతో కలిసి పండితులు ఒక పరిశోధన చేసి 2010లో ప్రకటించిరి. ఏ క్రొత్త ఏర్పాటును లేని పల్లెలలో పసిబిడ్డలకు టీకాలన్నియు పూర్తియైనవి నూటికి 6 మందికి. నెల తప్పక టీకా శిబిరము నడిపిన పల్లెలలో 18 మందికి. శిబిరముతోబాటు వచ్చిన ప్రతిసారి తల్లికి ఒక కిలో పప్పు, అన్నియు పూర్తియైన తరువాత భోజనపు పళ్ళెములు ఇచ్చిన చోట 39 మందికి. పప్పు ధర కలిపినను బిడ్డ ఒక్కటికి పడిన ఖర్చు తగ్గినదే గాని పెరుగలేదు. ఏలనగా నర్సు ఖాళీగా కూర్చుండు సమయము తగ్గినది. ఆ పరిశోధకులలో ఇద్దరు, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, 2019లో నోబెలు బహుమాన మందుకొన్న ముగ్గురిలోనివారు.

ఈ పప్పు ఎర యగునా? కాదని నా అభిప్రాయము. ఆ తల్లికి బిడ్డపై ప్రేమ లేక కాదు, ఆనాటి కూలి పోవునని, మరొకనాడు పోవచ్చునని వాయిదా వేసికొనుచున్నది. పప్పు ఆమెకు లేని కోరికను పుట్టించలేదు. ఉన్న కోరికకు అడ్డముగా నున్న రాతిని తొలగించినది. టీకాలో మోసము చేయుటకు ఆమెకు వీలును లేదు, నష్టపోవు మూడవవాడును లేడు.

ఇట్టిదే ఇంకొకటి తెలుగు గడ్డమీద జరిగినది. 2005లో మొదలిడి ఉమ్మడి ఆంధ్రప్రదేశ గ్రామీణ పాఠశాలలలో కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనువారు, పిల్లల మార్కులు పెరిగినకొలది ఉపాధ్యాయులకు అదనపు సొమ్ము ఇప్పించి ఫలితము చూచిరి. రెండేండ్లలో ఆ బడుల పిల్లలు గణితమునందును భాషయందును ఇతరులకంటె మెరుగైరి. ప్రతిఫలము కట్టని విజ్ఞానశాస్త్ర, సాంఘికశాస్త్రములందును మెరుగైరి. ఉపాధ్యాయుల గైరుహాజరు మాత్రము తగ్గలేదు. బడికి వచ్చిన రోజున ఎక్కువ శ్రద్ధతో చెప్పిరని తేలినది. పరీక్ష పత్రములు ఉపాధ్యాయుల చేతిలో నుంచక బయటివారిచే పెట్టించిన జాగ్రత్త ఇందులో ముఖ్యము. కాటా గుమాస్తా చేతిలోనే యుంచి తరుగునకు ధర కట్టిన నాకు ఆ జాగ్రత్త లేకపోయినది.

మా రాయచూరు జిల్లాలోనే ఆలోచింపదగిన మార్పు ఒకటి జరిగినది. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము మొదలిడిన పథకమున, నూటికి 80 దినములు బడికి వచ్చిన పిల్లవానికి నెలకు 3 కిలోల బియ్యము ఇంటికి ఇచ్చెడివారు. అది హాజరునకు కట్టిన ప్రతిఫలము. హాజరు పుస్తకము ఉపాధ్యాయుని చేతిలో నున్నది. పేదవాని బిడ్డకు బియ్యము నిలుపుటకు ఏ ఉపాధ్యాయునకు మనసొప్పును? రాని బిడ్డకు కూడ 'హాజరు' పడుటకు దారి యేర్పడినది. తరువాత 2001 నవంబరు 28న సుప్రీము కోర్టు, వండిన అన్నమే బడిలో పెట్టుడని ఆజ్ఞాపించినది. కర్ణాటకమున 2002లో అక్షర దాసోహ మను పేర ఉత్తరపు జిల్లాలు ఏడింట, మా రాయచూరుతో కలిపి, ఇది మొదలైనది. అదే బియ్యము. అయితే ఇప్పుడది షరతు తీరినందుకు దొరకు కూలి కాదు. ఆకలితో వచ్చిన బిడ్డకు పెట్టిన అన్నము. 'దాసోహ' మను పేరే ఆ సంగతి చెప్పుచున్నది. అన్నము తిన్న బిడ్డ పాఠమును వినగలడు.

ఇక వెల కట్టినంత మాత్రముననే చెడిపోవు పనులు కొన్ని కలవు. ఇజ్రాయేలు దేశమున హైఫా నగరములో పసిపిల్లలను చూచుకొను కేంద్రములలో, సాయంకాలము ఆలస్యముగా వచ్చు తల్లిదండ్రులకు చిన్న జరిమానా విధించి చూచిరి. ఆలస్యము తగ్గలేదు సరికదా, సుమారు రెట్టింపైనది. అంతకుముందు, పాపము పంతులమ్మ మనకోసము ఆగియుండునని సిగ్గు పడెడివారు. జరిమానా వచ్చిన తరువాత, డబ్బు చెల్లించుచున్నాము గదా అనుకొనిరి. జరిమానా ఎత్తివేసిన తరువాతను పాత సిగ్గు తిరిగి రాలేదు. 2000లో వెలువడిన ఈ పరిశోధనను చదివినప్పుడు, లజ్జ ఎంత విలువగల సొత్తో, పోయినచో కొనుటకు దొరకదు గదా అనుకొంటిని.

రక్తదానమును చూడుడు. మహావీర జయంతికి మన యువకులు అనేక పట్టణములలో రక్తదాన శిబిరములు నడుపుచున్నారు. మన దేశమున ఒకప్పుడు రక్తమమ్ముకొని బ్రదుకువా రుండిరి. డబ్బవసరమైన వాడు తన రోగము దాచును గనుక, ఆ రక్తము రోగికి ప్రమాదము. సుప్రీము కోర్టు 1996 తీర్పు ననుసరించి 1998 జనవరి 1నుండి రక్తవిక్రయము నిలిపివేయబడినది. దానముగా వచ్చినది మేలు, కొన్నది కీడు, వస్తువు ఒకటే.

మన కథలలో పూనియా శ్రావకుని కథ ఇదే చెప్పుచున్నది. దూది పూనికలు అమ్ముకొని బ్రదుకు పేదవాడతడు. పత్తి సీమవారమైన మాకు దగ్గరివాడు. నరకగతి తప్పించుకొనుటకై శ్రేణిక మహారాజు పూనియా చేసిన ఒక్క సామాయికమును కొనబోయెను. వెల చెప్పుమనగా పూనియాకు తెలియలేదు. భగవానుని అడుగగా, నీ రాజ్యమంతయు దాని దలాలీకి కూడ చాలదని తెలిసెను. అంగడిలో కూర్చుండువారికి దీనికంటె బాగుగా చెప్పుట యెట్లు? ఇచ్చువాడు మహారాజు, కోరునది పుణ్యము. అయినను బేరము కుదురలేదు.

కొనువాడే కాదు, చేయువాడు తనకు తానే ప్రతిఫలము కట్టుకొన్నను అంతే. మూడు శల్యములలో మాయ, మిథ్యాత్వములతోబాటు నిదానము నొకటిగా చెప్పిరి. తపస్సునకు ఫలముగా ఇది కావలెనని కోరుకొనుట నిదానము. శ్వేతాంబర కథలలో భగవాన్ మహావీరుని ఆత్మయే పూర్వజన్మమున విశ్వభూతి యను మునియై, ఎగతాళి చేసినవానిపై పగదీర్చుకొను బలము కోరి తన తపస్సును వెచ్చించెను. కోరిన బలము త్రిపృష్ఠ వాసుదేవుడై పొందెను; దాని వెంట నరకమును పొందెను. తీర్థంకరుడు కాబోవు ఆత్మకే ఈ ముల్లు గ్రుచ్చుకొన్నదన్నచో మన సంగతి చెప్పవలెనా?

ఇప్పుడు మన ఇండ్లను, మన సంఘములను చూచుకొందము. ప్రభావన యనగా సమ్యక్త్వమునకు చెప్పిన ఎనిమిది అంగములలో కడపటిది. ధర్మము నలుగురిలో ప్రకాశించునట్లు చేయుట. వచ్చినవారికి లడ్డు పంచుట దాని యొక చిన్న గుర్తు. ఆ పేరు ఇప్పుడు లడ్డుకే మిగిలినది. బోలిలో ఎక్కువ పలికినవారికి మొదటి పూజ దక్కును. పలికినవాడు ధనముపై మమత విడుచుటకే పలికినచో అది త్యాగము. ప్రక్క దుకాణమువానిపై గెలుచుటకు పలికినచో మాన కషాయము. చూచువారికి రెండును ఒకటిగనే కనబడును. వీటిని మానుమని నేను చెప్పుట లేదు. ఏటేట విలువ పెంచుకొనుచు, ఈసారి గిన్నె పెద్దది కానిచో జనము రారని కార్యకర్తలు భయపడు స్థితి వచ్చినదా అని మాత్రము అడుగుచున్నాను. వచ్చినచో మనము ధర్మమునకు పిలుచుట లేదు, గిన్నెకు పిలుచుచున్నాము.

నా తప్పునుండి నేను నేర్చుకొన్న మూడు ప్రశ్నలు వర్తక సోదరుల ముందుంచెదను. ఏ గుమాస్తాకైనను, ఏ పిల్లవానికైనను ప్రతిఫలము చూపుటకు ముందు వీటిని అడుగుకొనుడు. ఒకటి: దీనిని అడ్డదారిన పొందుటకు వీలున్నదా, ఉన్నచో నష్టపోవు వాడెవడు? రెండు: ఇది నిలిపివేసిననాడు ఆ పని నిలిచియుండునా, లేక ఇదివరకున్న సిగ్గు, ప్రేమ, శ్రద్ధ కూడ పోవునా? మూడు: ఈ షరతును అంగడి గోడమీద వ్రాసి, రైతునకు చదివి వినిపింపగలనా? నేను గుమాస్తాతో చేసికొన్న ఒడంబడిక ఈ మూడవ ప్రశ్నయొద్దనే నిలువలేకపోయెడిది.

ఆ గుమాస్తాను నేను మానిపింపలేదు. తరుగుమీద కట్టిన ప్రతిఫలము తీసివేసి, దీపావళికి దుకాణములో అందరికిని సమానముగా ఒక నెల జీతము ఇచ్చుట మొదలిడితిని. న్యాయమైన తరుగును మా ఖర్చులో వ్రాసికొంటిమి. తూకము రైతు కన్నులయెదుట, అంకె బిగ్గరగా చదివి వేయవలెనని నియమించితిని. పాత తక్‌పట్టీలు తీసి, గుర్తు దొరికిన రైతులకు లెక్కకట్టి తిరిగి ఇచ్చితిమి. కొందరు దొరకలేదు. ఆ సొమ్మును జీవదయకు ఇచ్చెదనని మా తండ్రిగారితో అంటిని. అప్పటికి వారు మంచముపట్టి యుండిరి. "ఇవ్వు. కానీ నీ పేరు వేయించుకోకు. అది నీ డబ్బు కాదు" అని చెప్పిరి. ఆ సంవత్సరము లాభము తగ్గినది. తరువాతను ఆ మూడవ యేటి అంకె మా పద్దులో మరల కనబడలేదు, కనబడకూడదు కూడ.

దీపావళినాడు క్రొత్త పద్దుపై 'శుభ', 'లాభ' అని వ్రాయుట మన ఆచారము. శుభము ముందు, లాభము తరువాత. ఎన్నియో యేండ్లు చేయి అలవాటుగా వ్రాసినదే గాని, ఆ వరుసను నేను ఆలోచించి వ్రాసినది ఆ యేడే.

ఇక మా మనుమని ప్రశ్న. వ్యాఖ్యానమునుండి తిరిగి వచ్చునప్పుడు వానితో, "గిన్నె నువ్వు విన్నందుకు కూలి కాదురా. వచ్చినవాళ్ళు మన వాళ్ళని ఇచ్చే మర్యాద. నువ్వు రాకపోయినా ధర్మానికి ఏం తక్కువ లేదు, వస్తే నీకే ఎక్కువ" అంటిని. వానికి సగమే తెలిసినట్లు తోచినది. మరునాడు ప్రభావన మా కుటుంబమువంతు. పంచు పని వానికే అప్పగించితిని. ద్వారమువద్ద నిలుచుండి ఒక్కొక్కరికి రెండు చేతులతో ఇచ్చి, పెద్దలకు 'జై జినేంద్ర' అని చెప్పెను. ఇంటికి వచ్చు త్రోవలో తనకేమి వచ్చినదో చెప్పలేదు. తాను ఎంతమందికి ఇచ్చెనో లెక్క చెప్పెను. తన వంతు లడ్డును మాత్రము మరువక జేబులో వేసికొని వచ్చెను. దానికి నేను ఏమియు అనలేదు.